నెల రోజుల చిప్ లెవెల్ కోర్సుకు డబ్బు కట్టకండి

‘మావాడు ఎప్పుడు చూసినా రిమోట్లూ ఛార్జర్లూ విప్పుతుంటాడండీ, చదువు మీద ధ్యాసే లేదు’ అని చాలామంది తల్లిదండ్రులు వాపోతుంటారు. ఎంపీసీ, ఆపైన సీఎస్‌ఈ తప్ప దారి లేదని పిల్లవాడి మెడలు వంచుతారు. అది కుదరకపోతే, నెలలో చిప్ లెవెల్ రిపేరు నేర్పిస్తామన్న ప్రకటన చూసి వేలకు వేలు కట్టేస్తారు. ఈ రెండు తొందరల మధ్య నలిగేది పిల్లవాడే.

ఆ పనిలో ఎంత చదువుందో చూడండి. ల్యాప్‌టాప్ బోర్డు మీద కీబోర్డు రిబ్బన్ దూరే కనెక్టర్ విరిగిందనుకుందాం. చాలాసార్లు దాని మీద నంబరు ఉండదు. సరిపోయేది వెతకాలంటే మొదటి పిన్ను నడిమి నుంచి చివరి పిన్ను నడిమికి వెర్నియర్‌తో కొలిచి, పిన్నుల లెక్కలో ఒకటి తీసేసి భాగించాలి. 30 పిన్నులకు 14.5 మి.మీ. వస్తే పిచ్, అంటే పక్కపక్క పిన్నుల నడిమి దూరం, 0.5 మి.మీ. అన్నమాట. కొలత సరిపోయినా, రిబ్బన్‌ను పైవైపు తాకే రకమా, కిందివైపు తాకే రకమా చూసుకోకపోతే కీబోర్డు పలకదు.

తీయడం ఇంకా కష్టం. ఇప్పటి బోర్డుల్లో ఎక్కువగా వాడే సీసం లేని సోల్డరు దాదాపు 217 డిగ్రీల సెల్సియస్ దాకా కరగదు. 63-37 సీసం సోల్డరు 183 దగ్గరే కరుగుతుంది. అందుకే ఫ్లక్స్ పూసి, పాతదానిలో దీన్ని కలుపుతారు. కరగకముందే లాగితే రాగి ప్యాడ్ ఊడొస్తుంది. పక్క ప్లాస్టిక్‌కు కాప్టన్ టేపు వేయకపోతే హాట్ ఎయిర్‌కు అదీ కరుగుతుంది. కొత్తది పెట్టాక, కరెంటు ఇచ్చేలోపే పక్కపక్క పిన్నులు షార్ట్ అయ్యాయేమో మల్టీమీటర్‌తో చూడాలి. ముందే కలిసి ఉండే గ్రౌండ్ పిన్నులేవో తెలిసినవాడికే ఆ బీప్ అర్థమవుతుంది.

ఈ చేతి నేర్పు పాత బోర్డులు పాతిక పాడుచేస్తేగానీ రాదు. ఏ కోర్సుకైనా ఫీజు కట్టేముందు అడగండి: ఒక్కో విద్యార్థికి ఒక హాట్ ఎయిర్ స్టేషన్ ఉందా? మైక్రోస్కోప్ కింద పని చేయనిస్తారా? ఒక క్లాసు చూడనివ్వకపోతే వెనక్కి వచ్చేయండి. ఫీజులో కలిపి అంటగట్టే టూల్‌కిట్‌ను బయట ధరతో పోల్చి చూడండి. షాపు యజమాని సర్టిఫికెట్ అడగడు, బోర్డు చేతికిచ్చి చూస్తాడు. పని రాకముందే షాపు పెట్టిస్తామని అప్పు చేయడం పిల్లవాడి నెత్తిన బండ పెట్టడమే.

నా మొగ్గు ఐటీఐ ఎలక్ట్రానిక్స్ మెకానిక్ వైపే. పది పాసైతే చాలు, రెండేళ్లు. తర్వాత స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ చేయవచ్చు. హైదరాబాద్‌లో ఈసీఐఎల్ లాంటి సంస్థలు ఐటీఐ వాళ్లను తీసుకుంటాయి. లెక్కలంటే ఇష్టమున్నవాళ్లు పాలిసెట్ రాసి ఈసీఈ డిప్లొమా చేయవచ్చు. ఇంజినీరింగ్ మీద మనసుంటే, ఆపైన ఈసెట్‌తో నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు.

ఈ వేసవికి ఆ పిల్లవాణ్ని ఇంటర్ బ్రిడ్జి క్లాసులకు తోలకండి. ఒక మల్టీమీటరు, సోల్డరింగ్ ఐరన్, నాలుగు పాత బోర్డులు కొనివ్వండి. కిటికీ తెరిచి పనిచేయమనండి, సోల్డరు ముట్టుకున్న చేతులు సబ్బుతో కడిగాకే అన్నానికి రమ్మనండి.