సీసాకి రబ్బరు బ్యాండు

అబుదాబి కార్నిష్ మీద మొదటిసారి సైకిల్ తొక్కిన సాయంత్రం నా అంత మొనగాడు లేడనుకున్నాను. అక్టోబరు నెల, ఎండ తగ్గింది. బ్రేక్‌వాటర్ వైపు నుంచి మీనా రేవు వైపు బయల్దేరాను. ఎడమ పక్కన సముద్రం, కుడి పక్కన అద్దాల మేడలు. పెడల్ మీద కాలు ఆనిస్తే చాలు, బండి జారిపోతోంది. పదేళ్ళుగా కుర్చీకి అంటుకుపోయిన ఒళ్ళు ఇది. పొట్ట సంగతి చెప్పక్కర్లేదు. అయినా ఎనిమిది కిలోమీటర్ల దారి ఇరవై నిమిషాల్లో తేలిపోయింది. "ఇంతేనా!" అనుకుని ఒక సెల్ఫీ దిగి ఇంటికి పంపాను. సీసాలో మిగిలిన నీళ్ళు కూడా అక్కడే తాగేశాను.

తర్వాత బండి వెనక్కి తిప్పాను.

గాలి మొహం మీద చరిచింది. అదే దారి, అదే బండి, అవే కాళ్ళు. వచ్చేటప్పుడు పల్లంలో జారినట్టుంటే, వెళ్ళేటప్పుడు ఇసకలో తొక్కినట్టుంది. నన్ను దాటిపోయిన ఒక పిల్లాడు వెనక్కి తిరిగి జాలిగా కూడా చూశాడు. మూడు చోట్ల దిగాను. బ్రేక్‌వాటర్ చేరేసరికి ముప్పావు గంట దాటింది, నాలిక పిడచకట్టుకుపోయింది. అప్పుడు తలెత్తి చూస్తే, 120 మీటర్లకు పైనున్న జెండా కర్ర మీద దేశపు జెండా బిర్రుగా సాగి రేవు వైపు చూపిస్తోంది. బయల్దేరినప్పుడూ అది అక్కడే ఉంది, అటే చూపిస్తోంది. ఊరంతటికీ కనిపించే జెండాని నేను మాత్రం చూడలేదు. ఎందుకు చూస్తాను, బండి బాగా పోతోందిగా!

వెనక నుంచి తోసే గాలి ఒంటికి తెలియదు. మీరు గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో వెళ్తూ, వెనక నుంచి పదిహేను కిలోమీటర్ల గాలి తోస్తుంటే మొహానికి తగిలేది పది కిలోమీటర్ల గాలే. "ఇవాళ గాలే లేదు, నాకు ఓపిక పెరిగింది" అనిపిస్తుంది. అదే వేగంతో తిరిగొస్తే తగిలేది నలభై. గాలి అడ్డుకునే బలం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. పదికి నలభై నాలుగు రెట్లు, బలం పదహారు రెట్లు. ఎదురుగాలి మీద అందరం ఫిర్యాదు చేస్తాం. వెనకగాలికి థాంక్స్ చెప్పినవాణ్ణి నేనింతవరకు చూడలేదు, దాన్ని మన కాళ్ళ ఖాతాలో రాసేసుకుంటాం.

పోనీ పోయేటప్పుడు కలిసొచ్చిందీ వచ్చేటప్పుడు పోయిందీ చెల్లుకు చెల్లు కదా అంటారా? కాదు. పది కిలోమీటర్లు ముప్ఫై వేగంతో వెళ్తే ఇరవై నిమిషాలు. పదిహేనుతో తిరిగొస్తే నలభై. ముప్ఫైకీ పదిహేనుకీ మధ్య సగటు ఇరవై రెండున్నర అనుకుంటాం. కానీ ఇరవై కిలోమీటర్లకి గంట పట్టింది, సగటు ఇరవయ్యే. కష్టంలో గడిపే సమయం ఎప్పుడూ ఎక్కువ.

గల్ఫ్‌లో ఉండేవాళ్ళకి ఈ లెక్క విడమరిచి చెప్పాలా? జీతం మీద ఆదాయపు పన్ను లేదు. చాలామందికి గది కంపెనీది, బస్సు కంపెనీది, రెండేళ్ళకోసారి టికెట్టూ కంపెనీదే. దిర్హమ్‌ని రూపాయల్లోకి మార్చి చూసుకుంటే గుండె నిండిపోతుంది. ఇదంతా వెనకగాలి. మన తెలివితేటలూ ఉన్నాయి, కాదనను. కానీ ఏ వేగం గాలిదో, ఏ వేగం కాళ్ళదో విడదీసి చూసుకోనివాడు ఊళ్ళో మూడంతస్తులకి ముగ్గు పోయిస్తాడు. కాంట్రాక్టు అయిపోయిన రోజు బండి తిప్పాక గానీ జెండా కనపడదు. హైదరాబాదులో పెద్ద కంపెనీ బోర్డు వెనకున్నవాళ్ళకీ, నాన్న పరపతి మీద వ్యాపారం సాగుతున్నవాళ్ళకీ ఇదే వర్తిస్తుంది. ఈ రాత్రే ఒక కాగితం తీసుకుని మిమ్మల్ని వెనక నుంచి తోస్తున్నవి ఏమిటో రాయండి. కంపెనీ పేరు, ఇంట్లో వంట చూసే మనిషి, ఇంకా రాని రోగం. రాయడానికి కాస్త సిగ్గేస్తుంది. వేయాలి కూడా.

ఎక్కడ వెనక్కి తిరగాలో నేర్పినవాడు మాత్రం ఏ కోచ్చీ కాదు. ఎలెక్ట్రా స్ట్రీట్‌లో మా బిల్డింగు నాతూర్. వాచ్‌మన్‌ని ఇక్కడ అలాగే అంటారు. జగిత్యాల దగ్గర పల్లె ఆయనది, వచ్చి ఇరవై రెండేళ్ళయింది. గేర్లు లేని పాత సైకిలు, వెనక క్యారియర్. ఆదివారం తెల్లారకముందే ఆ బండి మీద కార్నిష్‌కి వస్తాడు. లీటరు సీసా, దానికి ఒక రబ్బరు బ్యాండు. నీళ్ళు ఆ బ్యాండు దాకా దిగాయంటే ఎక్కడున్నా సరే, బండి తిప్పేస్తాడు. నేను సీసా చేతిలోకి తీసుకుని చూశాను. బ్యాండు నడిమధ్యలో లేదు, రెండు వేళ్ళ మందం పైకే ఉంది.

"ఇది సగం కాదుగా అన్నా?" అన్నాను.

"సగమంటే సగం గాదు సార్. పోయేటప్పుడు సల్లగుంటది. అచ్చేటప్పుడు ఎండ ఎక్కుతది, నీళ్ళు జాస్తి వడ్తయ్," అన్నాడు.

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు నా అల్మారాలో ఒక అరనిండా ఉన్నాయి. సగం కంటే ముందే తిరగమని వాటిలో ఏదీ చెప్పినట్టు గుర్తులేదు. అన్నీ ముందుకే తోస్తాయి.

ఆ బ్యాండు ఇంటి దగ్గర, చల్లటి బుర్రతో పెట్టుకున్నది. దారి మధ్యలో ఆలోచిద్దామంటే కుదరదు. అక్కడ గాలి "ఇంకొంచెం, ఇంకొంచెం" అంటూనే ఉంటుంది. అందుకే ఏ పనికైనా తిరుగు గుర్తు ముందే గీయండి. తమ్ముడి వ్యాపారానికి ఎంతవరకు సర్దుతారో, నచ్చని ఉద్యోగంలో ఏ తారీకు దాకా ఉంటారో అంకెలో రాసి, ఇంట్లో ఇంకొకరికి చూపించండి. నాతూర్ అన్న ఊళ్ళో ఇల్లు కట్టినప్పుడు, స్లాబు దాకా డబ్బు చేతిలో పడ్డాకే పునాది తీయించాడు. ఇక్కడి చట్టం ప్రకారం సర్వీసు ముగిసినప్పుడు వచ్చే గ్రాట్యుటీ, మొదటి ఐదేళ్ళకి ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది. ఆ డబ్బుని ఆయన ఏ బాకీకీ ముందుగా చూపించలేదు. అది అచ్చేటప్పటి నీళ్ళట.

ఎంపిక మీ చేతిలో ఉన్నప్పుడు ఎదురుగాలిలోకే బయల్దేరండి. ఒంట్లో శక్తి ఉన్నప్పుడు కష్టమైన సగం, అలిసిపోయాక సులువైన సగం. సైకిల్ తొక్కేవాళ్ళకి ఇది పాత సంగతే, ఆఫీసులో మాత్రం మనం దీన్ని తిరగేస్తాం. పొద్దున్నే ఈమెయిల్స్‌కి జవాబులిచ్చి, చేయాల్సిన అసలు ఫోన్ సాయంత్రం ఐదింటికి చేస్తాం.

దీన్ని కాళ్ళతోనే నేర్చుకోవాలంటే అబుదాబిలో మంచి చోటు హుదైరియాత్ దీవి. అల్ బతీన్ వైపు నుంచి వంతెన దాటి వెళ్ళాలి. బీచ్, పార్కు, తినుబండారాల కొట్లు, వాటితో పాటు సైకిళ్ళకే ప్రత్యేకంగా వేసిన 5, 10 కిలోమీటర్ల ట్రాకులు. చుట్టు తిరిగే దారి కాబట్టి గాలి ఒక మలుపులో ఇచ్చిన అప్పు తర్వాతి మలుపులో వసూలు చేసేస్తుంది. మీ అసలు వేగం మూడో రౌండుకి తేలిపోతుంది. 2021లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఆసియాలోనే మొదటిసారిగా అబుదాబికి బైక్ సిటీ గుర్తింపు ఇచ్చింది, ఇలాంటి ట్రాకులు చూస్తే ఎందుకో అర్థమవుతుంది.

2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ రెండో రోజు పోటీ ఈ దీవి మీదే జరిగింది. 12.1 కిలోమీటర్ల టైమ్ ట్రయల్. గుంపు వెనక దాక్కోవడం కుదరదు, ఒక్కొక్కరే గాలిని చీల్చుకుని పోవాలి. అమెరికా కుర్రాడు బ్రాండన్ మెక్‌నల్టీ గెలిచాడు. కానీ ఏడో రోజు జెబెల్ హఫీత్ కొండ మీద రేసు ముగిసేసరికి మొత్తం టైటిల్ బెల్జియం కుర్రాడు లెన్నర్ట్ వాన్ ఈట్‌వెల్ట్‌ది అయింది. రెండో రోజు ఫలితం చూసి సెల్ఫీలు పంపుకునే నాలాంటివాళ్ళకి ఈ సంగతి పనికొస్తుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి ఇంకో మాట. హెల్మెట్, ముందూ వెనకా లైట్లు లేకుండా బయల్దేరకండి. వేసవిలో సూర్యుడు రాకముందే ఇంటికి చేరాలి. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడి ప్రభుత్వ నిబంధన. పొట్టకూటి పనికే సెలవిచ్చే ఎండలో సరదా కోసం పౌరుషం చూపించకండి.

ఈమధ్య ఒక జులై ఆదివారం ఇద్దరం కలిసి బయల్దేరాం. నా సీసాకీ రబ్బరు బ్యాండు ఉంది, కూరగాయల కట్టకి వచ్చిన ఎర్రది. గాలి రేవు వైపే వీస్తోంది. జెండా చూశాను, ఈసారి. కాళ్ళు చక్కగా ఆడుతున్నాయి, మీనా ఇంకో రెండు కిలోమీటర్లే. అన్న తన మనవడి నామకరణం సంగతి చెబుతూ మధ్యలో సీసా ఎత్తి రెండు గుక్కలు తాగాడు, కంటికెదురుగా పట్టుకుని చూశాడు. "ఆ ఇగ..." అని, పేరేం పెట్టారో చెప్పకుండానే బండి తిప్పేశాడు.

నా సీసాలో నీళ్ళు బ్యాండుకి ఇంకా వేలెడు పైనే ఉన్నాయి. పేరేంటో తెలుసుకోవాలంటే మాత్రం నేనూ తిప్పక తప్పలేదు.