పోకర్ గెలుపుకు ముందస్తు 'పన్ను'

ప్రశ్న: చేపల వేటకెళ్లే మా తమ్ముడు ఫోన్‌లో పోకర్‌కు యూపీఐతో డబ్బు వేస్తున్నాడు. గెలిచింది ఇవ్వాలంటే ముందు 'పన్ను' కట్టమంటున్నారు. కట్టాలా?
– ఓ సోదరి, భావనపాడు

జవాబు: ఒక్క రూపాయి కూడా కట్టొద్దమ్మా. అసలు పన్నయితే గెలుపులోంచే కోస్తారు, ఎదురు అడగరు. పందెం ఆన్‌లైన్ ఆటలను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 కేంద్ర చట్టం వాటికి చెల్లింపులు జరపొద్దని బ్యాంకులనూ కట్టడి చేసింది. అందుకే ఈ సైట్లు ఎవరెవరివో యూపీఐ ఐడీలు ఇస్తుంటాయి. వాటిపై ఫిర్యాదు వస్తే మీ తమ్ముడి ఖాతా కూడా స్తంభించవచ్చు. వేట విరామ భృతి పడేది అందులోనేనేమో, చూసుకోండి!

యూపీఐ రోజువారీ పరిమితి తగ్గించండి. యాప్ తీసేసే ముందు చెల్లింపుల స్క్రీన్‌షాట్లు దాచండి. ఇప్పటికే 'పన్ను' కట్టి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అప్పుచేసైనా ఆడుతుంటే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్, 14416కు ఫోన్ చేయండి.