బండిచక్రము - నేలగుణము

వర్షాకాలమున ఆసిఫాబాదు ప్రాంతపు పల్లెలకు పోవునప్పుడు మేము ఒక వింతను తరచుగ చూచుచుందుము. ఎడ్లబండి మెల్లగా దాటిపోయిన బాటలోనే మోటారుబండి చక్రములు ఉన్నచోట గిరగిర తిరుగుచుండును. యంత్రబలము ఎద్దుల బలముకంటె హెచ్చే గదా! ఇట్లేల జరుగును? విద్యార్థులారా, దీనిని కొంచెము విచారింతము.

ఎడ్లబండిని నడపునది చక్రము కాదు, ఎద్దుల గిట్టలు. చక్రము దొర్లుట మాత్రమే చేయును. దాని సన్నని ఇనుపపట్టా పలుచని బురదను కోసికొని అడుగునగల గట్టినేలను తాకును. మోటారుబండియందన్ననో చక్రమే నేలను వెనుకకు నెట్టవలెను. యంత్రమున శక్తి యెంతయున్నను, నేల ఓర్చినంతయే పనికివచ్చును.

నేల ఓర్పునకు రెండు మూలములు కలవని ఫ్రెంచి ఇంజనీరు కూలుంబు 1776లో ప్రకటితమైన వ్యాసమున చూపెను. ఒకటి రేణువుల అంటుదల; రెండవది బరువువలన కలుగు ఒరపిడి. పెద్దవాగు ఎండిన యిసుకలో అంటుదల లేదు, ఒరపిడియే ఆధారము. పత్తి పండు నల్లరేగడి నీరు త్రాగి ఉబ్బి జిగటయగును. బాగుగ తడిసిన రేగడిలో ఒరపిడి మిక్కిలి స్వల్పము, అంటుదలయే ఆధారము. కావున లోతైన రేగడిలో దిగబడిన బండిపై రాళ్లు వేసి బరువు పెంచుట వ్యర్థము. అది మరింత క్రుంగును. చక్రము నేలను తాకు వైశాల్యమును పెంచవలెను.

డన్లపు 1888లో పేటెంటు పొందిన గాలిటైరు ఇందులకు మంచి సాధనము. ఒక చక్రముపై 600 పౌనుల బరువున్నదనుకొందము. చదరపు అంగుళమునకు 30 పౌనుల చొప్పున గాలియున్నచో, టైరు సుమారు 20 చదరపు అంగుళముల నేలను తాకును. 15 పౌనులకు తగ్గించినచో సుమారు 40. ఇసుకలోను ఈ యుపాయము చక్రమును దిగబడనీయదు. గట్టిరోడ్డు చేరగనే మరల గాలి నింపవలెను. లేనిచో టైరు వేడెక్కి చెడును. రేగడిలో మరియొక చిక్కు కలదు: టైరు పళ్లసందులలో మట్టి నిండి అది నున్ననగును. అందుచేతనే ట్రాక్టరు టైరుల పళ్లు ఎత్తుగను, ఎడముగను ఉండును.

ఇది యంత్రకారులకు మాత్రమే చాలిన విద్య కాదు. వానరాత్రి ప్రసవవేదన పడు తల్లిని ఆసుపత్రికి చేర్చు బండి రేగడిలో నిలిచిన, మీలో నెవరైనను దగ్గరనుండవచ్చును. చక్రము వట్టిగా తిరుగనారంభించినంతనే ఆపింపుడు. త్రిప్పినకొలది అది గోయి త్రవ్వుకొనును. చక్రము ముందరి బురదను తొలగించి, కొమ్మలో గోనెసంచులో పరచి, మెల్లగా కదలింపవలెను. తొందరపడి యంత్రమును గద్దించువానికంటె నేల గుణమెరిగినవాడే ఆ తల్లిని వేగముగ చేర్చును.