ప్రశ్నలు – జవాబులు: కెమెరాలోంచి కాగితం మీదికి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే బాధ. కెమెరా మంచిదే, ఫొటో బాగానే వచ్చింది, ప్రింటు దగ్గరికి వచ్చేసరికి ఉసూరుమనిపిస్తోంది. కార్డులోంచి బయటికొచ్చిన ఫైలు కాగితం మీదికి చేరేలోపు ఎన్ని చేతులు మారుతుందో, ఎక్కడెక్కడ ఏం పోగొట్టుకుంటుందో గమనిస్తే సగం జవాబులు అక్కడే దొరుకుతాయి.

24 మెగాపిక్సెళ్ల కెమెరా కొన్నాను. ల్యాప్‌టాప్‌లో ఫొటోలు కళకళలాడుతున్నాయి. ప్రింట్లు మాత్రం చీకటిగా వస్తున్నాయి. ల్యాబ్ మార్చినా అంతే. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, కరీంనగర్

ఇంకో ల్యాబ్ వెతికే ముందు మీ ల్యాప్‌టాప్ వెలుగు తగ్గించి చూడండి. తెర తనంతట తాను వెలుగుతుంది. కాగితానికి సొంత వెలుగు లేదు, గదిలో ఉన్న వెలుతురునే మన కంటికి తిప్పి పంపుతుంది. బ్రైట్‌నెస్ పూర్తిగా పెంచిన తెర మీద కాస్త చీకటిగా ఉన్న ఫొటో కూడా నిండుగా కనిపిస్తుంది. ఇంకా సరిచేయాలని మీకు తోచదు. ల్యాబ్ యంత్రం ఫైల్లో ఉన్నదే కాగితం మీద పెడుతుంది.

ఖరీదైన పరికరాలు లేకుండా చేయగల పని ఒకటుంది. పగటిపూట మామూలు వెలుతురున్న గదిలో ల్యాప్‌టాప్ తెరవండి. ఏమీ రాయని తెల్లటి పేజీ ఒకటి తెర నిండా పెట్టి, పక్కనే తెల్ల కాగితం పట్టుకోండి. తెర ట్యూబ్‌లైటులా మెరుస్తూ, కాగితం మాసినట్టు కనబడితే వెలుగు ఎక్కువైనట్టు. రెండూ దగ్గరదగ్గరగా కనిపించేదాకా తగ్గించి, ఆ తర్వాతే ఫొటోలు సరిచేయండి. రాత్రిపూట కళ్లకు హాయిగా ఉండాలని తెరను పసుపు చేసే సౌకర్యం ఒకటుంటుంది. అది ఆన్‌లో ఉంటే ఆపేయండి, లేకపోతే రంగులన్నీ తప్పుదారి పడతాయి.

తర్వాత ఒకే ఫొటోను మూడు రకాలుగా, ఉన్నది ఉన్నట్టు ఒకటి, కాస్త వెలుగు పెంచి ఒకటి, ఇంకొంచెం పెంచి ఒకటి, 4×6 సైజులో వేయించండి. ల్యాబ్‌లో ఇచ్చేటప్పుడు 'కరెక్షన్ వద్దు, ఉన్నది ఉన్నట్టు వేయండి' అని గట్టిగా చెప్పండి. యంత్రం దగ్గర కూర్చున్న ఆపరేటర్ తన కంటికి నచ్చినట్టు వెలుగూ రంగూ మార్చగలడు. అది జరిగితే మీ పరీక్షకు అర్థముండదు. వచ్చిన ప్రింట్లను కిటికీ పక్కన పగటి వెలుతురులో చూడండి. ఏది నచ్చిందో తెలిస్తే మీ తెరకూ ఆ ల్యాబ్‌కూ ఉన్న తేడా ఎంతో చేతికి చిక్కినట్టే. ఇక ఆ ల్యాబ్‌నే పట్టుకుని ఉండండి. మాటిమాటికీ ల్యాబులు మారిస్తే ఈ లెక్క ప్రతిసారీ మొదటికొస్తుంది.

మా మామయ్యగారి సంవత్సరీకం దగ్గరికొస్తోంది. పెద్ద పటం కట్టించాలని అందరి కోరిక. ఆయన ఒక్కరే ఉన్న ఫొటో లేదు. మా ఆడపడుచు పెళ్లిలో తీసిన గ్రూప్ ఫొటోలో ముఖం చక్కగా పడింది. దాన్ని కత్తిరించి 12×18 చేయించవచ్చా?
— ఒక పాఠకురాలు, తెనాలి

ఇలాంటి ఉత్తరం వచ్చినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది. ఇంట్లో అందరినీ నిలబెట్టి ఫొటోలు తీయించే పెద్దమనిషి తాను మాత్రం ఎప్పుడూ ఓ చివరనే నిలబడతాడు.

ముందు అసలు ఫైలు సంపాదించండి. ఆల్బమ్ పేజీని ఫోన్‌తో తీసినదీ, బంధువుల ఫోన్లలో తిరిగి తిరిగి వచ్చినదీ దీనికి పనికిరావు. పెళ్లికి ఫొటోలు తీసిన స్టూడియోకు స్వయంగా వెళ్లి, పెళ్లి తేదీ చెప్పి అడగండి. పాత పెళ్లిళ్ల హార్డ్‌డిస్కులు దాచి ఉంచే ఫొటోగ్రాఫర్లు ఉన్నారు. ఆ గ్రూప్ ఫొటోనే వరుసగా రెండు మూడుసార్లు తీసి ఉండవచ్చు. అన్నీ అడిగి తెచ్చుకోండి, వాటిలో ఒకదానిలో ఆయన ఇంకా స్పష్టంగా ఉండవచ్చు.

ఇక సైజు సంగతి. కెమెరా 24 మెగాపిక్సెళ్లదైతే ఫొటో అడ్డంగా 6000, నిలువుగా 4000 పిక్సెళ్లు ఉంటుంది. చాలామంది నిలబడ్డ గ్రూప్ ఫొటోలో ఒక్క ముఖం వెడల్పు సుమారు 300 పిక్సెళ్లు అనుకుందాం. చేత్తో పట్టుకుని చూసే ప్రింటు నాణ్యంగా ఉండాలంటే అంగుళానికి 300 పిక్సెళ్లు కావాలి, 200 ఉన్నా మర్యాదగానే ఉంటుంది. 12×18 పటంలో ముఖమే అయిదు అంగుళాలు వస్తుంది. అంటే అంగుళానికి 60 పిక్సెళ్లే. గరిటెడు పిండిని పెనమంతా లాగితే అట్టు చిల్లులు పడ్డట్టు ముఖం గళ్లుగళ్లుగా, మసకగా తేలుతుంది.

నా సలహా ఇది. తల, భుజాలు వచ్చేలా కత్తిరిస్తే వెడల్పు 900 పిక్సెళ్ల దాకా ఉంటుంది. దాన్ని 5×7 ప్రింటుగా వేయించండి. అంగుళానికి 180 పిక్సెళ్లు పడతాయి, ముఖం బాగా తెలుస్తుంది. ఆ ప్రింటు చుట్టూ వెడల్పాటి తెల్ల మౌంట్ బోర్డు పెట్టించి 11×14 ఫ్రేములో పటం కట్టించండి. గోడ మీద పెద్దగానే ఉంటుంది, దండ వేయడానికీ నిండుగా ఉంటుంది. మసకబారిన పెద్ద ముఖం కంటే స్పష్టంగా ఉన్న చిన్న ముఖమే ఆయన్ని మీ ఎదుట నిలబెడుతుంది.

కృత్రిమ మేధతో ఫొటోను పెద్దది చేసే సాఫ్ట్‌వేర్లు వాడతామని స్టూడియోవాళ్లు అనవచ్చు. అవి లేని వివరాన్ని ఊహించి నింపుతాయి. కళ్లు కొంచెం మారతాయి, ముడతలు నునుపవుతాయి, బుగ్గ మీది పుట్టుమచ్చ మరక కింద లెక్కపడి పోతుంది. ఫొటో మెరుగైనట్టే ఉంటుంది కానీ అందులో మనిషి పక్కింటాయన అవుతాడు. అంతగా చేయించాలనుకుంటే తుది ప్రింటుకు ముందు మీ అత్తగారికి చూపించండి. ఆవిడ ఒప్పుకుంటేనే వేయించండి. పంచె, కండువాతో ఉన్న మనిషికి కోటు తొడిగిస్తామంటే మాత్రం వద్దని చెప్పండి.

మా అబ్బాయి డాలస్ నుంచి మనవరాలి ఫొటోలు వాట్సాప్‌లో పంపుతాడు. ఫోన్‌లో అద్భుతంగా ఉంటాయి. 12×18 వేయిస్తే మసకగా వచ్చింది.
— ఒక రిటైర్డు ఉపాధ్యాయుడు, అనంతపురం

వాట్సాప్ మామూలుగా పంపే ఫొటో పొడవును సుమారు 1600 పిక్సెళ్లకు కుదించేస్తుంది. 4×6కు సరిపోతుంది, 12×18కు చాలదు. హెచ్‌డీ అని నొక్కి పంపినా కొంత కుదింపు తప్పదు. ఫొటోగా కాకుండా 'డాక్యుమెంట్'గా పంపమనండి, ఫైలు ఉన్నది ఉన్నట్టే వస్తుంది. మీరు ల్యాబ్‌కు పంపేటప్పుడూ అదే పద్ధతి. అంతకన్నా పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లడం మేలు.

పట్టుచీరల ఫొటోలు ప్రింటు చేయిస్తే ఎర్రచీర మీద నేత, జరీ పువ్వులు కనబడవు. ఎర్ర రంగు పులిమినట్టు ఉంటుంది. కెమెరా లోపమా, ప్రింటు లోపమా?
— ఒక పాఠకురాలు, వరంగల్

రెండింటి వాటా ఉంది. ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, మన పెళ్లి ఆల్బమ్‌లు చాలావాటికి ఉన్న జబ్బు ఇదే.

కెమెరా ప్రతి రంగునూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు పాళ్లుగా రాసుకుంటుంది. నిండు ఎర్రచీర మీద పెళ్లిమంటపం లైట్లు పడినప్పుడు ముఖం సరైన వెలుగులో ఉన్నా, చీరలోని ఎరుపు పాలు గరిష్ఠానికి చేరి అక్కడ ఆగిపోతుంది. మడత ఉన్నచోటా లేనిచోటా ఒకే అంకె పడితే నేత ఎక్కడ కనబడుతుంది? ఫొటోలో వెలుగు పంపకాన్ని గీతగా చూపించే మామూలు హిస్టోగ్రామ్ చూస్తే ఇది పట్టుబడదు. మూడు రంగులనూ విడివిడిగా చూపించే హిస్టోగ్రామ్ చాలా కెమెరాల్లో ఉంటుంది. ఎరుపు గీత కుడి గోడకు ఆనుకుని ఉంటే ఎక్స్‌పోజర్‌ను మూడింట ఒక వంతు నుంచి రెండు వంతుల స్టాప్ దాకా తగ్గించండి. రంగుల పద్ధతి 'వివిడ్'లో ఉంటే 'స్టాండర్డ్'కో 'న్యూట్రల్'కో మార్చండి. వీలైతే రా ఫైలుగా తీయండి, జేపెగ్‌లో పోయిన ఎరుపు వివరం చాలాసార్లు అందులో మిగిలి ఉంటుంది.

కాగితం వైపు నుంచి చూస్తే, తెర చూపించగల చిక్కటి ఎరుపులన్నీ ఏ కాగితమూ చూపించలేదు. దాని శక్తికి మించిన ఎరుపులన్నీ కలిసి ఒకే ముద్దగా పడతాయి. ప్రింటుకిచ్చే ముందు ఎరుపు గాఢతను కాస్త తగ్గిస్తే, తెర మీద కొంచెం వెలిసినట్టున్నా, కాగితం మీద నేత బయటపడుతుంది.

ఇంకో చిక్కు మంగళస్నానాల ఫొటోల్లో వస్తుంది. ఒంటినిండా పసుపు, చుట్టూ పసుపు బట్టలు ఉంటే, కెమెరా అదంతా లైటు పసుపు అనుకుని సరిచేయబోతుంది. పసుపు పాలిపోయి నీడలు నీలంగా మారతాయి. అలాంటి చోట ఆటో వైట్ బ్యాలెన్స్ మానేసి, ఆరుబయట నీడలోనైతే 'షేడ్', ఎండలోనైతే 'డేలైట్' పెట్టి తీయండి.

ప్రింట్లన్నీ చప్పగా, రంగు వెలిసినట్టు వస్తున్నాయి. కొత్త కెమెరాయే.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

మీ ఫైళ్ల పేర్లు అండర్‌స్కోర్ గీతతో మొదలవుతున్నాయేమో చూడండి. అలా ఉంటే కెమెరాలో కలర్ స్పేస్ 'అడోబీ ఆర్‌జీబీ'లో ఉన్నట్టు లెక్క. ఆ గుర్తును పట్టించుకోని యంత్రం దగ్గర రంగులు చప్పబడతాయి. మెనూలో 'ఎస్‌ఆర్‌జీబీ'కి మార్చండి. ఇప్పటికే తీసిన ఫొటోలను కూడా సాఫ్ట్‌వేర్‌లో మార్చుకోవచ్చు.

ఫైలులో 72 డీపీఐ అని చూపిస్తోంది, 300 చేయమని ల్యాబ్‌వారు అంటున్నారు.
— ఒక డిగ్రీ విద్యార్థి, నల్గొండ

ఫైలు మీద రాసి ఉన్న ఆ అంకెతో మీకు పనిలేదు. ఫొటో పొడవులో ఉన్న పిక్సెళ్లను ప్రింటు పొడవు అంగుళాలతో భాగించండి. 1800ను 6తో భాగిస్తే 300, అంతే. పిక్సెళ్లు పెంచకుండా ఆ అంకె ఒక్కటే మార్చి ఇస్తే వాళ్లకూ తృప్తి, ఫొటోకూ నష్టం లేదు.

ఫ్రేములో ఎంతో బాగా కుదిరిన ఫొటోకు ప్రింటులో తలో కాళ్లో తెగిపోతున్నాయి.
— ఒక పాఠకురాలు, కడప

ఫొటో ఆకారం వేరు, కాగితం ఆకారం వేరు. డీఎస్‌ఎల్‌ఆర్ ఫొటోల నిష్పత్తి 3:2 కాబట్టి 4×6, 8×12, 12×18 కాగితాల మీద నిండుగా కూర్చుంటాయి. ఫోన్లు, చిన్న కెమెరాలు చాలావరకు 4:3లో తీస్తాయి, వాటికి 6×8 నప్పుతుంది. 8×10 అడిగితే డీఎస్‌ఎల్‌ఆర్ ఫొటో పొడవులో రెండు అంగుళాల మేర పోవాల్సిందే. అది ఎటువైపు పోవాలో ల్యాబ్‌కు వదిలేయకుండా మీరే కత్తిరించి ఇవ్వండి. తీసేటప్పుడే తల పైనా పాదాల కిందా కాస్త చోటు వదలడం ఇంకా మంచిది. అంచు లేకుండా వేసే ప్రింట్లలో నాలుగువైపులా కొద్దిగా కోత పడుతుంది.

మా అమ్మాయి చామనఛాయ. ఏ స్టూడియోలో ఇచ్చినా ముఖం తెల్లగా చేసి ఇస్తారు. అడిగితే 'అందరూ అలాగే కోరుకుంటారండీ' అంటారు.
— ఒక తల్లి, శ్రీకాకుళం

మీరు పట్టుబట్టండి. ఇది రంగుల నాణ్యత సంగతి కూడా. ముఖాన్ని తెల్లబరిస్తే ముందుగా పోయేది బుగ్గల గుండ్రదనం, ముక్కు పక్క నీడ, చర్మం మీది సహజమైన మెరుపు. మెడ ఒక రంగు, ముఖం ఒక రంగు అవుతుంది. చామనఛాయ చర్మంలో వెలుగునీడల మెట్లు ఎంతో అందంగా పలుకుతాయి, మెత్తటి పక్కవెలుతురులో తీస్తే చాలు. 'రీటచింగ్ వద్దు, స్కిన్ టోన్ మార్చవద్దు' అని ఆర్డరు కాగితం మీద రాయించండి. మార్చి ఇస్తే వెనక్కిచ్చి మళ్లీ వేయించుకోండి. ఆ పిల్ల రేపు పెద్దదై ఆల్బమ్ తెరిచినప్పుడు తన ముఖం తనకు కనబడాలి.

ఇంట్లోనే ఇంక్‌జెట్ ప్రింటరు కొంటే లాభమా?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

నెలకు పదో పరకో 4×6లు కావాలంటే ల్యాబే నయం. తరచూ వేసుకునేవారికి, రంగులు తామే చూసుకోవాలనే పట్టుదల ఉన్నవారికి ప్రింటరు బాగుంటుంది. నాలుగు రంగుల ఆఫీసు ప్రింటరు వద్దు. లేత నీలం, లేత మెజెంటా అదనంగా ఉన్న ఆరు రంగులది తీసుకోండి, చర్మం రంగు చుక్కలు తేలకుండా నునుపుగా వస్తుంది. వాడకుండా వదిలేస్తే నాజిళ్లు ఎండిపోతాయి, వారానికోసారి ఒక చిన్న రంగుల ఫొటో అయినా వేస్తూ ఉండండి. డ్రైవర్‌లో కాగితం రకం సరిగ్గా ఎంచుకోవడం అన్నిటికన్నా ముఖ్యం. గ్లాసీ కాగితం పెట్టి 'ప్లెయిన్ పేపర్' అని వదిలేస్తే, ఎంత మంచి ఇంకైనా చిత్రం పాడవుతుంది.

గోడకు పెట్టిన పెద్ద పటం అద్దానికి అతుక్కుపోయింది. వానాకాలం తర్వాత గమనించాం.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

లాగకండి. ల్యాబ్ ప్రింటు పైపొర జెలటిన్. గాలిలో తేమ పీల్చి మెత్తబడి అద్దానికి పట్టేస్తుంది, లాగితే బొమ్మ అద్దంతో పాటే వచ్చేస్తుంది. ఫైలు ఉంటే కొత్త ప్రింటు వేయించుకోండి. లేకపోతే అద్దంతో సహా స్కాన్ చేయించండి, అదే ఇక మీ ఒరిజినల్.

కొత్తదాన్ని కట్టించేటప్పుడు అద్దానికీ ప్రింటుకూ మధ్య మౌంట్ బోర్డు తప్పకుండా పెట్టమనండి, కొద్దిపాటి ఎడం చాలు. ప్రింటును వెనక అట్టకు ఫెవికాల్‌తో అతికించనివ్వకండి, పై అంచున మాత్రం పట్టించమనండి. సముద్రపు గాలి కొట్టే గోడకూ, బాత్‌రూమ్ పక్క గోడకూ, మధ్యాహ్నపు ఎండ నేరుగా పడేచోటా వేలాడదీయవద్దు. ఫ్రేము వెనక కింది మూలల్లో రెండు చిన్న కార్క్ ముక్కలు అంటిస్తే గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది.