ప్రతిభ, అభ్యాసము, భావకుడు : సినారె గేయరచన – ఒక పరిశీలన

కావ్యహేతువులను నిరూపించిన ఆలంకారికులలో దండి నైసర్గికమైన ప్రతిభను, నిర్మలమైన శ్రుతమును, అమందమైన అభియోగమును కలిపి చెప్పినాడు. మమ్మటుడు అభ్యాసమునకు ఒక విశేషణము చేర్చినాడు. కావ్యజ్ఞుల శిక్షణలో సాగునదే ఆయన ఉద్దేశించిన అభ్యాసము. అనగా కవి తనలో తాను చేసికొను సాధన చాలదు. ఎరిగినవాడొకడు విని తప్పొప్పులు చెప్పవలెను. ఆ ఎరిగినవానికిని ప్రతిభ కావలెనన్నాడు కావ్యమీమాంసలో రాజశేఖరుడు. రచించునది కారయిత్రి, గ్రహించునది భావయిత్రి. భావకులలో ఏదియు రుచింపని అరోచకి, గడ్డితోసహా మ్రింగు సతృణాభ్యవహారి, మత్సరి, తత్త్వాభినివేశి అని నాలుగు తెగలు. కడపటివాడు వేయిమందిలో ఒకడు దొరికిన దొరకును.

ఈ విచారణను మనము ప్రాచీనకవులకే పరిమితము చేసి బోధించుచున్నాము. పాటను వృత్తిగా చేపట్టిన ఆధునికకవికి దీనిని అన్వయించి చూచుట ఈ వ్యాసోద్దేశము. అందుకు డాక్టర్ సి. నారాయణరెడ్డి (1931–2017) తగిన లక్ష్యము.

ఆయన వేములవాడ సమీపమున హనుమాజీపేటలో జన్మించినారు. సిరిసిల్లలోను, కరీంనగరములోను చదివినది ఉర్దూ మాధ్యమమున. బాల్యమున తెలుగు పాఠముకంటె హరికథ, జంగము కథ, జానపదగేయము ఎక్కువగా చెవినబడినవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో పద్యము పుస్తకముకంటె నోటనే ఎక్కువ సంచరించినది. ధర్మపురి శేషప్పకవి నరసింహశతకమే సాక్ష్యము. దండి వాడిన ‘శ్రుతము’ అను మాటకు ‘విన్నది’ అను మూలార్థము ఇచ్చట అక్షరాల సరిపోవును.

శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున మాతువును (సాహిత్యమును), ధాతువును (వరుసను) రెండింటిని కూర్చువానిని వాగ్గేయకారుడన్నాడు. పరుల ధాతువునకు మాతువు కూర్చువానికి ‘కుట్టికారుడు’ అని పేరిడి వేరు చేసినాడు. ఈ లక్షణము ననుసరించి, స్వరకర్త ఇచ్చిన బాణీకి మాట కూర్చు సినిమాకవి కుట్టికారుడే. ఆ పేరులో చిన్నచూపు కలదు. అది సినారె విషయమున నిలుచునా అనునదే అసలు ప్రశ్న.

1962లో ‘గులేబకావళి కథ’తో సినిమాలో ప్రవేశించుటకు ముందే ఆయన ‘నాగార్జునసాగరం’ (1955), ‘కర్పూర వసంతరాయలు’ (1957) గేయకావ్యములు వెలువరించినారు. త్రిశ్ర, చతురశ్ర, ఖండ, మిశ్రగతుల మాత్రాగణములు అప్పటికే చేతిలో నలిగినవి. కావున బాణీ ఆయనకు సంకెల కాలేదు. ఇందలి కష్టము తక్కువది కాదు. స్వరము సాగు తావున దీర్ఘాచ్చు పడవలెను. ‘కల’ అను మాటలో మొదటి అచ్చును సాగదీసినచో వినువానికి ‘కాల’ అని తోచును. ద్విత్వసంయుక్తములు స్వరమును సాగనీయవు. గాయకుడు ఊపిరి తీయుచోట పదము తెగరాదు. ఈ దోషములను స్వరకర్త, గాయకుడు అప్పటికప్పుడే చూపుదురు. మమ్మటుడు కోరిన కావ్యజ్ఞశిక్ష పద్యకవికి ఏనాడో గాని లభింపదు. సినిమాకవికి నిత్యము లభించును. మూడువేలకు పైగా పాటలు అట్లు పరీక్షకు నిలిచినవి. కుట్టికారత్వము హీనస్థితి యనుటకంటె అభ్యాసరూపమనుట న్యాయమని నా అభిప్రాయము.

గజల్‌లో పరిస్థితి వేరు. తెలుగున దాశరథి ఆరంభించిన ఆ ప్రక్రియను సినారె స్వయముగా ఆలపించుచు సభలకు తెచ్చినారు. ఇచ్చట ఆయన వాగ్గేయకారుడు; మక్తాలోని కవినామము కూడ వాగ్గేయకారుల ముద్ర వంటిదే. షేర్ తొలిపాదము వినగానే శ్రోత కాఫియాకై ఎదురుచూచును; అది పడగానే ‘వాహ్’ అనును. భావకుని తీర్పు ఇంత శీఘ్రముగా అందు ప్రక్రియ మరొకటి లేదనవచ్చును. అయితే ఆ తీర్పు ఎవరిది? సభలో తత్త్వాభినివేశి ఒకడుండిన, సతృణాభ్యవహారులు తొమ్మిదివందల తొంబదితొమ్మిదిమంది. చప్పట్లు ఇరువురివి ఒక్కతీరుననే వినబడును. పాదాంతమున విరుపు, ఎదురుబొదురు పదముల పొందిక సభకు వెంటనే అందును. సినారె వచనకవితలో సైతము ఆ విరుపు అవసరమునకు మించి కనబడు తావులున్నవి. సభ నేర్పిన అలవాటే కాబోలును. అట్లని ‘విశ్వంభర’ (1980) వంటి దీర్ఘకావ్యమును ఆ అలవాటు కట్టివేయలేదు. 1988 సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారమునకు ఆధారమైనది అదియే.

రాజశేఖరుని కవిచర్యలో దినము నాలుగు జాములు. రెండవ జామున రచన, మూడవ జామున గోష్ఠి, నాలుగవ జామున పూర్వాహ్ణమందలి రచనను ఒంటరిగానో, కొలదిమందితోనో పరీక్షించుట. రసావేశమున రచించువానికి వివేచించు దృష్టి ఉండదు గనుక ఈ విధి. సినారె రెండు, మూడు జాములను నిండుగా గడపినారు. చాలకాలము ప్రతి జన్మదినమున (జూలై 29) ఒక గ్రంథము వెలువరించినారు. ఆ నియమము అభియోగమునకు మేలు చేసినది; నాలుగవ జామును మాత్రము కుదించినది. ఆ గ్రంథములన్నియు సమానఫలములు కావు.

తన సినిమాపాటలను, వాని పుట్టుకను తానే వివరించిన ‘పాటలో ఏముంది? నా మాటలో ఏముంది?’ ఆలస్యముగా వచ్చిన నాలుగవ జాము వంటిది. సందర్భము, బాణీ, పదమును ఎన్నుకొనుటకు గల హేతువు అందు తెలియును. అది కవి చెప్పికొన్న సమర్థనమే గనుక, ఆ పాటల మాత్రాగణములను ధ్వనిముద్రికతో సరిచూచి చదువవలసియున్నది.