‘తడవకుండా’ దగ్గర ఆగిన కలం

పదో తరగతి అమ్మాయి నోటు పుస్తకంలో రాసిన ఒక వాక్యం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంది. మీ ఇంట్లో ఈమధ్య జరిగిన సంగతి ఏదైనా అయిదు వాక్యాల్లో ఇంగ్లీషులో రాయమన్నాను. వాళ్ళది కాశీబుగ్గకు ఆటో దూరంలో ఉన్న పల్లె. కాస్తంత జీడితోట ఉంది. వాకిట్లో జీడిపిక్కలు ఆరబోసి ఉండగా ఉన్నట్టుండి మబ్బు కమ్మింది. తల్లీ కూతురూ పరుగెత్తి బరకం కప్పారు. పిల్ల మనసులో ఉన్న తెలుగు వాక్యం ఇది: “పిక్కలు తడవకుండా బరకం కప్పాం.” పుస్తకంలో రాసింది ఇది: “వుయ్ కవర్డ్ ద నట్స్ వితౌట్ గెటింగ్ వెట్.”

స్పెల్లింగు తప్పు ఒక్కటీ లేదు. ఏ మాటకామాట సరైనదే. కానీ ఆ ఇంగ్లీషు వాక్యం చెబుతున్నది వేరే కథ. మేం ఒళ్ళు తడుపుకోకుండా పిక్కలు కప్పేశాం అని దాని అర్థం. నిజానికి ఆ రోజు తల్లీ కూతుళ్ళిద్దరూ ముద్దగా తడిశారు. తడవనివి పిక్కలు.

పేరెంట్స్ మీటింగుకి ఆ తల్లి వచ్చింది. “మాకేటి తెలుస్తాది మాస్టారూ, ఇంగ్లీసు ముక్క రాదు. ఇంటికాడ పిల్లకి ఎవులు చెప్తారు? టూసన్లో ఎయ్యమంటారేటి?” అని అడిగింది. ఆవిడకి ఆ పూట తొందరలో సగమే జవాబు చెప్పగలిగాను. మిగతాది మీ అందరికీ చెబుతున్నాను, ఎందుకంటే ఆ ప్రశ్న పలాసలోనూ టెక్కలిలోనూ వజ్రపుకొత్తూరులోనూ చాలా ఇళ్ళల్లో ఉన్నదే.

ఆ తప్పు మీ పిల్లకి ఇంగ్లీషు రాక జరిగింది కాదమ్మా. మన తెలుగులో ‘కుండా’ అన్న ప్రత్యయం రెండు పనులు చేస్తుంది. “అన్నం తినకుండా బడికి వెళ్ళాడు” అంటే ఒక పని చెయ్యలేదు, ఇంకో పని చేశాడు. “పిల్లాడు పడిపోకుండా పట్టుకున్నాను” అంటే ఒకటి జరగకూడదన్న ఉద్దేశంతో ఇంకొకటి చేశాను. మాట ఒక్కటే, పనులు రెండు. మనం చిన్నప్పటినుంచీ వింటున్నాం గనక తేడా ఆలోచించక్కర్లేకుండానే తెలిసిపోతుంది. ఇంగ్లీషులో ఆ రెండింటికీ రెండు దారులున్నాయి. మొదటిదానికి ‘వితౌట్’ సరిపోతుంది. రెండోదానికి ‘సో దట్’ అని మొదలుపెట్టి ఒక చిన్న ఉపవాక్యం కట్టాలి. “వుయ్ కవర్డ్ ద నట్స్ సో దట్ దే వుడ్ నాట్ గెట్ వెట్.” ఇందులో ‘దే’ అన్న మాట చూడండి. తడవకూడనిది ఎవరు, ఏది అన్నది ఇంగ్లీషు విడిగా చెప్పించుకుంటుంది. మన అమ్మాయి కలం ఆగింది సరిగ్గా ఇక్కడే.

జీడి ఫ్యాక్టరీల్లో పిక్క కొట్టేవాళ్ళు చేతులకు జీడి అంటకుండా నూనో బూడిదో రాసుకోవడం మీకు తెలిసిందే. అంటకూడనిది ఏది? జీడి. రాసుకునేది ఎవరు? మనిషి. ఇలా ఇద్దరు కర్తలున్న వాక్యాలు మన ఇళ్ళల్లో రోజుకి యాభై దొర్లుతాయి. కర్త ఒక్కరే అయితే పని ఇంకా సులువు. “మందు కొనడానికి పలాస వెళ్ళాను.” వెళ్ళిందీ కొనేదీ నేనే. ఇంగ్లీషులో ‘టు బై’ అంటే చాలు. పిల్లలు మన ‘కొనడం కోసం’ మనసులో పెట్టుకుని ‘ఫర్ టు బై’ అని రాస్తారు. ఆ ‘ఫర్’ కొట్టేస్తే సరిపోతుంది, అంతకుమించి దానిమీద దిగులు పడాల్సింది లేదు. “చెల్లి చదువుకునేలా లైటు వేశాను” అన్నప్పుడు మాత్రం వేసింది నేను, చదివేది చెల్లి. మళ్ళీ ‘సో దట్’ కావాలి. మన తెలుగూ ఇక్కడ దారి మార్చింది, గమనించారా? ‘చదువుకోవడానికి’ కాస్తా ‘చదువుకునేలా’ అయింది. ఈ తేడా పిల్లకి ముందే వచ్చు. వచ్చిన సంగతి మాత్రం తెలియదు.

ఇక ఫలితం చెప్పే వాక్యాలు. వీటికి మన ఉద్దానంలో ట్యూషన్ మాస్టారు అక్కర్లేదు, ముసలమ్మ ఒకావిడ చాలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఇప్పుడు పదో తరగతిలో ఉన్నవాళ్ళు అప్పటికి పసివాళ్ళు. ఆ రాత్రి సంగతి అడిగితే ఏ నాయనమ్మయినా ఇలాగే మొదలుపెడుతుంది: “గాలెంత గట్టిగా ఏసిందంటే, కొబ్బరిచెట్లు మొదలంటా కూలిపోనాయి.” ఈ వాక్యాన్ని ఒకసారి నిదానంగా చూడండి. ముందు గాలి, తరవాత దాని బలం, ఆ తరవాత దానివల్ల జరిగింది. “ద విండ్ వాజ్ సో స్ట్రాంగ్ దట్ ద కోకోనట్ ట్రీస్ ఫెల్.” వరస అచ్చంగా అదే. మామూలుగా తెలుగు వాక్యం క్రియను చివరికి తోసి, కారణాలూ ఉద్దేశాలూ ముందు చెబుతుంది. ఇంగ్లీషు ముందు పని చెప్పి, దేనికో తరవాత చెబుతుంది. పిల్లలు తికమకపడేది ఆ తిరగేసే దగ్గరే. కానీ ‘ఎంత... అంటే’ అని కథ చెప్పేటప్పుడు మన నాలుకే ఇంగ్లీషు వరసలో నడుస్తుంది. అందుకని ‘సో... దట్’ నేర్పేటప్పుడు నేను నల్లబల్ల మీద సూత్రం రాయను. మీ నాయనమ్మ ఏమందో చెప్పు అంటాను.

ఉద్దేశం వేరు, ఫలితం వేరు అని పిల్లకి తెలియడానికి ఒక చిన్న పరీక్ష ఉంది, ఇంగ్లీషు రాని అమ్మానాన్నలు కూడా పెట్టొచ్చు. వాక్యం చివర ‘కానీ’ తగిలించి చూడమనండి. “పిక్కలు తడవకుండా కప్పాం, కానీ తడిసిపోయాయి” అనొచ్చు. అది ఉద్దేశం, నెరవేరొచ్చు, నెరవేరకపోవచ్చు. “గాలి ఎంత గట్టిగా వేసిందంటే చెట్లు కూలిపోయాయి, కానీ కూలలేదు” అనలేం. అది జరిగిపోయిన ఫలితం. ఇంగ్లీషులో ఈ తేడా సాధారణంగా సహాయక క్రియలో కనిపిస్తుంది. ఉద్దేశమైతే ‘వుడ్, కుడ్, విల్, కెన్’ లాంటి మాట ఒకటి తోడొస్తుంది. జరిగిపోయిన ఫలితమైతే ‘ఫెల్’ లాంటి మామూలు భూతకాలం వస్తుంది. ‘కానీ’ పరీక్ష నెగ్గిన పిల్లకి ఇది చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది. ఆ పరీక్ష లేకుండా చెబితే పరీక్షల దాకా బట్టీ పడుతుంది.

పదో తరగతి వాళ్ళని ఏడిపించే ఇంకొక జంట ‘టూ... టు’. “టూ హాట్ టు ఈట్” అంటే మన ‘తినలేనంత వేడి’. ఆ ‘లేనంత’లోని ‘లేని’తనం ఇంగ్లీషు వాక్యంలో పైకి కనబడదు, ‘టూ’లో దాగి ఉంటుంది. అందుకే పిల్లలు నమ్మకం చాలక ఒక ‘నాట్’ ఇరికిస్తారు. ‘మొయ్యలేనంత, చూడలేనంత, నడవలేనంత’ అని నాలుగైదు మాటలు ఇంట్లో అనిపించండి, చెవికి అలవాటవుతుంది.

ఇదంతా మార్కుల కోసమే చెప్పడం లేదు. మన ప్రాంతంలో కిడ్నీ జబ్బు మనిషి లేని వీధి తక్కువ. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. అక్కడిచ్చిన చీటీలు ఇంటికొచ్చాక విప్పి చదివేది బడికెళ్ళే పిల్లలే. వాపు పెరగకుండా నీళ్ళు కొలత ప్రకారం తాగమన్నారా, తాగితే వాపొచ్చిందని రాశారా అన్నది తాతయ్యకి ఆ పిల్లే చెప్పాలి.

తెలిసిన భాషలోంచి తెలియని భాషలోకి నడిపించడం ఈ నేలకి కొత్త కాదు. మన జిల్లాలోని పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో మేష్టారుగా ఉంటూ సవర పిల్లల కోసం తానే సవర భాష నేర్చుకున్నారు, వాళ్ళ మాటలోనే వాళ్ళకి బడులు నడిపారు. ఆయన సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయింది. ముందు పిల్లవాడి నోట్లో ఉన్న మాట ఏమిటో మనకి తెలియాలి అన్నది ఆయన చేసి చూపించిన పని. మనం మన పిల్లల నోట్లో ఉన్న తెలుగుని వినకుండా, “ఇంగ్లీషులోనే మాట్లాడు” అని గద్దిస్తున్నాం. చుట్టాల ముందు నిలబెట్టి రైము చెప్పిస్తున్నాం. ఒక మాట తడబడితే “ఇంత ఫీజు కడుతున్నాం” అంటున్నాం. దయచేసి ఆ మాట అనకండి. అది విన్న పిల్ల ఆ తరవాత చిన్న చిన్న వాక్యాలే రాస్తుంది, తప్పు దొర్లే చోటికి పోదు. ‘సో దట్’ లాంటి వాక్యం తప్పుగా రాసిందంటే రెండు ఆలోచనల్ని ముడివెయ్యడానికి ధైర్యం చేసిందని అర్థం. వేసిన ముడి జారితే బిగించడం మా పని.

మీ పని వేరే ఉంది, అది తెలుగులోనే ఉంది. పిల్ల ఏదైనా చెబుతుంటే రెండు ప్రశ్నలు వెయ్యండి. “ఎందుకలాగ చేశావు?” “అయితే ఏటయ్యింది?” మొదటిదానికి వచ్చే జవాబు ఉద్దేశం, రెండోదానికి వచ్చేది ఫలితం. ‘ఊరికే’ అని తప్పించుకుంటే మళ్ళీ అడగండి, విసుక్కోకుండా. సర్కారు బడిలో చదివే పిల్లలైతే పాఠ్యపుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదుటి పేజీ ఇంగ్లీషు ఉంటాయి. సైన్సు పుస్తకం తీసి తెలుగు పేజీలో ‘కుండా’ ఎక్కడుందో మీరు వేలు పెట్టి చూపించండి. ఎదుటి పేజీలో దాన్ని ఎలా రాశారో పిల్లని వెతకమనండి. రోజుకి ఒక్కటి చాలు. మీకు ఇంగ్లీషు రాకపోవడం ఈ పనికి అడ్డం కాదు.

ఆ అమ్మాయి ఆ వాక్యాన్ని రెండోసారి రాసినప్పుడు నేను చెప్పింది ఒక్కటే. “తడవకూడనిది ఎవరమ్మా, మీరా, పిక్కలా?” కాసేపు ఆలోచించింది. నవ్వి, ‘వితౌట్’ కొట్టేసింది. ఈ రాత్రి అన్నాలయ్యాక మీ పిల్లల నోటు పుస్తకం ఒకసారి అడిగి తీసుకోండి. ఎర్రసిరా గీత పడిన వాక్యం కనిపిస్తే తిట్టకండి. అందులో ఏం చెప్పాలనుకున్నారో ముందు తెలుగులో చెప్పమనండి, చివరిదాకా వినండి.