సోమిదమాను బెరడు

పావగడ కొండచుట్టునున్న మెట్టభూములలో మన బిడ్డలు ప్రతిదినము చూచు చెట్లలో వేప, తుమ్మ, కానుగ, తంగేడు ముఖ్యములు. ఇంటిలో తుమ్మ యని పిలుచు చెట్టునే కన్నడ పాఠమున జాలి యని చదువుకొను బిడ్డకు, పెద్ద శాస్త్రములలో మన యింటి పేరునకు చోటున్నదా యను సందేహము కలుగవచ్చును. అట్టి బిడ్డకు చెప్పదగినది సోమిదమాను కథ. బెరడులలోని వగరు పదార్థమును గూర్చి వ్రాయబూనిన మేము ఈ చెట్టునే ఎన్నుకొనుటకు కారణ మిదియే.

సోమిద వేపకుటుంబమునకు చెందిన పెద్ద వృక్షము. రాయలసీమ అడవులలోను, గోదావరి ప్రాంతపు కొండలలోను, దక్కనునందలి ఇతరములగు ఎండుటడవులలోను పెరుగును. కన్నడమున దీనిని స్వామిమర యందురు. ఆయుర్వేదమున మాంసరోహిణి యని పేరు. కలప ఎఱ్ఱగా, మిక్కిలి గట్టిగా నుండుటచే పూర్వము దేవాలయముల కొయ్యపనికి వాడుచుండిరి. కాయ ఎండి అయిదు చీలికలుగా విచ్చుకొనగా, రెక్కలుగల గింజలు గాలిలో ఎగిరిపోవును.

విలియం రాక్స్‌బర్గ్ అను స్కాట్లండు దేశపు వైద్యుడు 1776లో ఈస్టిండియా కంపెనీ కొలువునకై మద్రాసు వచ్చి, 1781 నుండి సామర్లకోటలో నుండెను. అచ్చట తోట వేయించి, చుట్టుపట్ల మొక్కలను పరిశీలించుచు, వానికి తెలుగువారు పెట్టుకొన్న పేర్లను అడిగి వ్రాసికొనెను. ఆ కాలమున చలిజ్వరమునకు నమ్మదగిన మందు దక్షిణ అమెరికానుండి వచ్చు సింకోనా బెరడొక్కటే. అది ప్రియము, పైగా కల్తీ మెండు. సామర్లకోట, పెద్దాపురములకు ఉత్తరపు కొండలలో పెరుగు సోమిద బెరడు చేదుగాను వగరుగాను ఉండుట చూచి, ఇది సింకోనాకు బదులు పనికివచ్చునని తలచి పరీక్షలు చేసి, 1793లో వానిని ప్రకటించెను. మరుసటి సంవత్సరమే ఎడింబరోలో ఆండ్రూ డంకన్ అను యువకుడు వైద్యపట్టమునకై ఈ బెరడుపైననే లాటిను భాషలో సిద్ధాంతవ్యాసము వ్రాసెను. మన కొండబెరడు ఎంత దూరము పోయినదో చూడుడు! 1795లో వెలువడిన కోరమాండల్ తీరపు మొక్కల గ్రంథము మొదటి సంపుటమున రాక్స్‌బర్గ్ దీని బొమ్మను ప్రకటించెను. 1830లో జస్యూ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దీనిని ప్రత్యేక ప్రజాతిగా వేరుచేసి, ఆ ప్రజాతికి తెలుగు పేరునే స్థిరపరచెను.

నేడు ప్రపంచమంతట దీని శాస్త్రీయనామము సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. మొదటి పదము తెలుగు. రెండవది లాటిను, జ్వరమును పారద్రోలునది యని దాని యర్థము. మొదటి పదమును గూర్చి పేచీ లేదు. రెండవది మాత్రము ఒక వైద్యుని ఆశ. ఆ యాశ ఎంతవరకు ఫలించినదో చూడవలెను.

దీనికి మన నాలుకయే మొదటి పరీక్షాసాధనము. తెలుగున చేదు వేరు, వగరు వేరు. వక్క నమలినప్పుడు, పచ్చి అరటికాయ కొఱికినప్పుడు నోరు పట్టుకొనునే, అది వగరు. టానిన్ అను పదార్థములు లాలాజలములోని మాంసకృత్తులను పట్టి ముద్దచేయుటవలన నాలుకకు జారుడుగుణము పోవును. పచ్చితోలును తంగేడు బెరడు నీటిలో నానవేసినప్పుడు జరుగునదియు నిదియే: టానిన్ తోలులోని మాంసకృత్తులతో గట్టిగా కలిసిపోగా, తోలు కుళ్లక నిలుచును. చిగుళ్లకు, పుండ్లకు వగరు కషాయములు వాడుట ఈ గుణమును బట్టి వచ్చినదే. మాంసరోహిణి యను పేరు పెట్టిన పూర్వులు గమనించినదియు పుండు మానుటనే. ఇంటివద్ద చేయదగిన పరీక్ష యొకటి కలదు. తంగేడు ఎండుకొమ్మ బెరడును నీటిలో కాచి, వడియగట్టి, చల్లారిన పిమ్మట అన్నభేది పలుకొకటి వేసినచో నీరు నల్లబడును. మన తాతలు కరక్కాయతో సిరా చేసికొన్న విధ మిదియే. ఆ నీటిని మాత్రము ఎవ్వరును త్రాగరాదు.

చేదు సంగతి వేరు. సింకోనా బెరడులోను టానిన్ కలదు. కాని జ్వరమును తగ్గించునది అది కాదు. 1820లో పెల్లెటియే, కావెంతూ అను ఫ్రెంచివారు ఆ బెరడునుండి క్వినైనును వేరుచేసిన పిమ్మట గాని ఈ భేదము తేటపడలేదు. సోమిదలో క్వినైను లేదు. దాని చేదు వేపచేదు జాతిలోనిది. ఆ పదార్థములను లిమొనాయిడ్లందురు. రెండు చేదులును నాలుకకు ఒక్కటే గాని, జ్వరము తెచ్చు క్రిమికి ఒక్కటి కావు.

అంతమాత్రమున రాక్స్‌బర్గును తప్పుపట్టుట న్యాయము కాదని మా తలంపు. మలేరియా క్రిమిని లావెరాన్ 1880లో గాని కనుగొనలేదు. అది దోమలో పెరుగుటను రోనాల్డ్ రాస్ 1897లో మన సికిందరాబాదులో చూచెను. అంతకు నూరేండ్లముందు, మందిచ్చిన పిదప జ్వరము తగ్గినదా లేదా యనుటయే కొలత. చలిజ్వరము వచ్చుచు పోవుచు నుండునది. అది తనంతట దిగిన దినమున ఏది త్రాగితిమో దానికి కీర్తి దక్కును. అయినను అతడు చేసినదానిని వ్రాసిపెట్టెను గనుకనే తరువాతివారు సరిచూడగలిగిరి.

పావగడకు ఉత్తరమున అనంతపురము, దక్షిణమున బెంగుళూరు. ఈ రెండు ఊళ్లను కలిపిన పరిశోధన యొకటి సోమిదను మరల పైకి తెచ్చినది. అనంతపురపు శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్రజ్ఞులును, బెంగుళూరి భారతీయ విజ్ఞాన సంస్థవారును సోమిద కణజాలమును గాజుపాత్రలో పెంచి, మిథైల్ ఆంగొలెన్సేట్ అను లిమొనాయిడును తీసిరి. అది కొన్ని సూక్ష్మజీవుల పెరుగుదలను అడ్డునని 2007లోను, రక్తపు కేన్సరు కణములను చనిపోవునట్లు చేయునని 2008లోను ప్రకటించిరి. ఇదియు గాజుపాత్రలోని మాటయే. అచ్చట చచ్చిన కణము వేరు, రోగి వేరు. అయినను ఈ పద్ధతిలో చెట్టు జోలికి పోనక్కరలేకుండుట మాకు నచ్చినది. ఆకులు చేసిన ఆహారము వేళ్లకు దిగునది బెరడులోపలి పొరనుండియే గనుక, చుట్టును బెరడు ఒలిచిన చెట్టు బ్రదుకదు.

ఇక ఇంటి సంగతి. బిడ్డకు చలితో జ్వరము వచ్చినప్పుడు బెరడు కషాయము పోసి రెండు దినములు చూచెదమనుట మేమెరిగిన కొన్ని యిండ్లలో ఇప్పటికిని కలదు. మలేరియాలో ఒక రకము ఆ రెండు దినములలోనే ప్రాణము మీదికి తెచ్చును. ప్రభుత్వ ఆరోగ్యకేంద్రమున రక్తపరీక్ష ఉచితము. మొదటి దినముననే చేయింపుడు. మరియొకటి: అన్నభేదిని నల్లబరచిన టానిన్ కడుపులోను ఇనుమును పట్టుకొని, దానిని రక్తమునకు అందనీయదు. టీలో టానిన్ మెండు. రక్తము తక్కువగా నున్న బిడ్డలకు భోజనముతోపాటు టీ ఇయ్యక, గంటయో రెండు గంటలో ఎడముంచుట మేలు.

రాబోవు సెలవులలో పిల్లలు మీ పొలముల గట్లపైనున్న చెట్లపేర్లను అవ్వతాతల నడిగి వ్రాసికొని రావలెనని చెప్పియున్నాము. తెలుగుపేరు ఒక వైపున, కన్నడపేరు ఒక వైపున వ్రాయింపుడు. పల్లెపల్లెకు మాట మారినచో దానిని దిద్దక, విన్నది విన్నట్లే ఉండనిండు.